సున్నం కింది బొమ్మ
(సంజీవదేవ్ స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)

ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, రండి. మన సభల్లో ముందు వరస అంటే అందరికీ భయమే.

సంజీవదేవ్ గారు 1914లో దుగ్గిరాల పక్కన తుమ్మపూడిలో పుట్టారు. పడుచు వయసులోనే హిమాలయాలకు వెళ్లిపోయారు. కులూలో రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ దగ్గర గడిపారు. ఇంత తిరిగినవాడు ఏ ఢిల్లీలోనో కలకత్తాలోనో స్థిరపడతాడనుకుంటాం. ఆయన మాత్రం ఊరికి తిరిగొచ్చి, 1999లో కన్నుమూసేదాకా ఆ పల్లెనే తన చిరునామా చేసుకున్నారు. పాస్టెల్స్‌తో కొండలూ మబ్బులూ గీశారు. దేశదేశాలకు ఉత్తరాలు రాశారు. ఒరిజినల్ పెయింటింగు ఒక్కటి కూడా చూసే అవకాశం లేని తెలుగు పాఠకుడికి చిత్రకళ గురించి కూర్చోబెట్టి చెప్పారు. చూడని బొమ్మ గురించి చెప్పి నమ్మించడం సామాన్యమైన విద్య కాదు. ఆయన ఆత్మకథ ‘తెగిన జ్ఞాపకాలు’ చదివినవారికి ఆ నెమ్మదైన గొంతు తెలుసు.

అలాంటి మనిషి పేరు మీద జరిగే సభలో నేను మంచుకొండలు వదిలేసి మసిపట్టిన రైలు పెట్టెల గురించీ, సందుల్లో గోడల గురించీ మాట్లాడతానంటే నిర్వాహకులు కొంచెం తటపటాయించారు. గ్రాఫిటీ ఆకతాయి పని కదండీ అన్నారు. నిజమే, చాలా మటుకు ఆకతాయి పనే. అయినా గత డెబ్బై ఎనభై ఏళ్ల చిత్రకళలో ఒక పాయ ఆ ఆకతాయి పని నుంచే వచ్చింది. అది గోడరాతల దగ్గర ఏం నేర్చుకుంది? లావుపాటి అక్షరాలూ, స్ప్రే రంగులూ అంటారు చాలామంది. అవి టీషర్టులకు ఎక్కాయి, శీతల పానీయాల ప్రకటనలకు ఎక్కాయి. సిసలైన చిత్రకారులు నేర్చుకున్నది చెరుపు. రేపో ఎల్లుండో ఎవడో వచ్చి దీనిమీద సున్నం కొడతాడని తెలిసి గీయడం, ఆ సున్నాన్ని కూడా బొమ్మలో భాగం చేసుకోవడం. నేను చెప్పదలచింది ఇదొక్కటే. దీన్నే కాస్త వివరంగా, అంచెలంచెలుగా చెబుతాను.

1

మొదట పారిస్ వెళదాం. బ్రసాయి అని హంగరీ నుంచి వచ్చి పారిస్‌లో స్థిరపడిన ఫొటోగ్రాఫర్. రాత్రి పూట వీధులు తీసినవాడిగా పేరు. 1930ల నుంచి ఆయన ఇంకో పని కూడా పెట్టుకున్నాడు. పేదవాడల గోడల మీద మేకుతోనో చాకుతోనో చెక్కిన ముఖాలూ, గుండె గుర్తులూ, పుర్రెలూ ఫొటోలు తీశాడు. రెండు కన్నాలు పొడిచి చుట్టూ గీత గీస్తే ముఖమైపోతుంది. 1933లో ‘మినోటార్’ పత్రికలో వాటిని వేసి, గుహల గోడల నుంచి ఫ్యాక్టరీ గోడల దాకా ఇదంతా ఒకే వరస అన్నట్టు రాశాడు. 1956లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆ ఫొటోలను ప్రదర్శించింది.

ఫొటోలకంటే నాకు ఆయన నోటుబుక్కులు ముఖ్యం. ఏ గోడ ఏ వీధిలో ఉందో రాసిపెట్టుకుని, ఏళ్ల తర్వాత అదే గోడ దగ్గరికి మళ్లీ వెళ్లేవాడు. ఈలోగా ఇంకొకడు ఆ ముఖానికి చెవులు చెక్కి ఉండేవాడు. పెచ్చు ఊడి ముక్కు పోయి ఉండేది. కొన్నిసార్లు గోడే ఉండేది కాదు. అలా వెళ్లి వెళ్లి ఆయన పట్టుకున్నది బొమ్మని కాదు, బొమ్మ వయసుని.

యుద్ధం అయిపోయాక ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. జాక్ విలెగ్లే, రేమాఁ హేన్స్. కుంచె పట్టరు. వీధి గోడల మీద ఒకదానిపై ఒకటి అంటించి, దారినపోయేవాళ్లు చింపగా మిగిలిన పోస్టర్లను అట్టలు అట్టలుగా ఊడబీక్కుని ఇంటికి తెచ్చుకునేవారు. 1949లో మొదలుపెట్టారు. విలెగ్లే దశాబ్దాలపాటు ఆ దారి వదల్లేదు. పారిస్ గోడల మీద పోస్టర్లు అంటించరాదంటూ 1881 జూలై 29 నాటి చట్టం పేరు ఇప్పటికీ కనబడుతుంది. ఆ నిషేధం కిందే ఈ పొరలన్నీ పేరుకున్నాయి. సినిమా తార పెదవి మీద ఎన్నికల నినాదం, దాని మీద సర్కస్, వాటన్నిటినీ ఎవడో కోపంతోనో ఊసుపోకో చింపిన గీత. ఈ చింపేవాడే అసలు కళాకారుడు, నేను ఏరుకునేవాణ్ణి మాత్రమే అన్నాడు విలెగ్లే. చాలా పనులకు ఆయన పెట్టిన పేర్లు కూడా వీధి పేరూ, తేదీ. తహసీల్దారు ఆఫీసు రికార్డులా ఉంటుంది. ఇప్పుడా వీధుల్లో కొన్నిటి రూపురేఖలే మారిపోయాయి. రికార్డు మిగిలింది.

2

ఇక న్యూయార్క్. ఇక్కడ కాస్త ఆగుదాం.

1971 జూలైలో న్యూయార్క్ టైమ్స్ ఒక వార్త వేసింది. టాకీ 183 అన్న పేరు ఊరంతా కనిపిస్తోంది, ఎవరీ మనిషి అని. 183వ వీధిలో ఉండే గ్రీకు కుటుంబపు కుర్రాడు. మెసెంజర్ ఉద్యోగం, ఊరంతా తిరగాలి. తిరిగినచోటల్లా మార్కర్‌తో పేరు రాశాడు. పత్రికలో పడిందంటే ఇక చెప్పాలా? ఏడాది తిరిగేసరికి ప్రతి పేటకూ పది మంది టాకీలు. స్ప్రే డబ్బా వాళ్ల చేతికి వచ్చింది. 1949లో ఇల్లినాయ్‌లో ఒక రంగుల వ్యాపారి తన అల్యూమినియం పెయింటు ఎలా ఉంటుందో చూపించడానికి కనిపెట్టిన డబ్బా అది. ఇంటి రేడియేటర్లకు వేసుకోవలసిన రంగు రైళ్లకెక్కింది.

రైలే ఎందుకు? గోడ ఉన్నచోటే ఉంటుంది, రైలు ఊరంతా తిరుగుతుంది. బ్రాంక్స్‌లో రాత్రి గీసినది పొద్దున బ్రూక్లిన్‌లో ఉంటుంది. ఆ బ్రాంక్స్ అప్పుడెలా ఉంది? ఎక్స్‌ప్రెస్ హైవే కోసం పేటల నడుమ నుంచి ఇళ్లు కొట్టేశారు. మిగిలిన అపార్టుమెంట్లు తగలబడుతున్నాయి. వీధులకు వీధులు ఖాళీ అవుతున్నాయి. 1975 నాటికి నగర ఖజానా దివాలా అంచుకొచ్చింది. ఇళ్లే నిలవనిచోట పదిహేనేళ్ల పిల్లవాడు తన పేరును మనిషంత ఎత్తున రాసుకోవడంలో ఉన్న కసి మీకు అర్థమవుతుంది. నేను దాన్ని సమర్థించడం లేదు. కిటికీ కనబడకుండా రంగు కొట్టిన పెట్టెలో కూర్చుని, ఏ స్టేషనొచ్చిందో తెలియక అవస్థ పడిన కూలీ ఆడవాళ్లకు ఆ పిల్లల మీద ఉన్న కోపం కూడా న్యాయమే.

రైల్వేవాళ్లు ఊరుకుంటారా? రసాయనాలతో కడిగారు. పెట్టెలన్నిటికీ తెల్లరంగు వేశారు (పిల్లలకు కొత్త కాగితం ఇచ్చినట్టయింది). మేయర్ కాచ్ హయాంలో యార్డుల చుట్టూ కంచెలు కట్టి కుక్కల్ని వదిలారు. చివరికి గీతలున్న పెట్టెను నడపనే నడపకూడదని నియమం పెట్టుకుని, 1989 మే 12న గ్రాఫిటీ ఉన్న ఆఖరి పెట్టెను తప్పించారు. పదిహేడు పద్దెనిమిదేళ్ల ఆ సాహిత్యంలో, వాళ్లు తమను రైటర్లనే చెప్పుకునేవారు గనక సాహిత్యమనే అంటున్నాను, ఒక్క పెట్టె మిగల్లేదు. మిగిలినవి ఫొటోలు. హెన్రీ చాల్‌ఫాంట్ ఎదుటి ప్లాట్‌ఫారం మీద నిలబడి, రైలు ఆగిన ఆ కొన్ని సెకన్లలో పెట్టె పొడవునా అడుగులేస్తూ వరసగా క్లిక్కులు కొట్టి, తర్వాత వాటిని పక్కపక్కన అతికి పూర్తి పెట్టెను నిలబెట్టేవాడు. మార్తా కూపర్‌తో కలిసి ఆయన 1984లో తెచ్చిన ‘సబ్వే ఆర్ట్’ పుస్తకం ఆ రైళ్ల చిరునామా. ప్రపంచంలో ఎన్నో ఊళ్ల పిల్లలు అది చూసే నేర్చుకున్నారు. అంటే, ఎప్పుడో చెరిగిపోయిన బొమ్మల దగ్గర నేర్చుకున్నారు.

అదే సొరంగాల్లో, అదే రోజుల్లో కీత్ హారింగ్ ఇంకో ఖాళీ చూశాడు. ప్రకటన గడువు అయిపోతే స్టేషన్‌లో ఆ చట్రంలో నల్లకాగితం అంటించేవారు, కొత్త ప్రకటన వచ్చేదాకా. ఆ మధ్యకాలం అతనిది. తెల్ల సుద్దముక్కతో పాకే పాపాయి, మొరిగే కుక్క. మళ్లీ దిద్దడానికి వీల్లేదు, పోలీసు వచ్చేలోగా అయిపోవాలి. ఆ గీతలో తడబాటు లేకపోవడానికి కారణం ప్రతిభ సగం, పోలీసు సగం. 1980ల తొలి అయిదేళ్లూ అలాంటివి వేలు గీశాడు. అవి ఎలా ఆగిపోయాయో తెలుసా? పేరు వచ్చాక జనం కాగితాలు కోసుకెళ్లి అమ్ముకోవడం మొదలుపెట్టారు. చెరిపినన్నాళ్లూ గీశాడు, దాచుకోవడం మొదలయ్యాక మానేశాడు.

3

విద్యార్థులు ఈ భాగం శ్రద్ధగా వినండి. ఒక్క బొమ్మ గురించి చెబుతాను.

జాఁ-మిషెల్ బాస్కియా 1960లో బ్రూక్లిన్‌లో పుట్టాడు. తండ్రిది హైతీ, తల్లిది పోర్టొరికన్ కుటుంబం. 1978లో ఆల్ డియాజ్ అనే స్నేహితుడితో కలిసి ‘సేమో’ అన్న దొంగపేరుతో గ్యాలరీలుండే వీధుల గోడల మీద వెటకారపు వాక్యాలు రాశాడు. రైళ్లను అంతగా పట్టించుకోలేదు. కొనేవాళ్లు నడిచే దారి చూసుకుని రాశాడు. తెలివైనవాడు. తర్వాత కాన్వాసుకొచ్చాడు. వచ్చినవాడు గోడ అలవాటు మానలేదు. మాట రాస్తాడు, దాని మీద అడ్డంగా గీత కొట్టేస్తాడు. కొట్టేస్తేనే జనం ఆగి చదువుతారని అతని వాదన. పరీక్ష పేపరులో కొట్టేసిన జవాబునే మాస్టారు ముందు చదువుతాడు, గమనించారా?

1983 సెప్టెంబరు 15 తెల్లవారుజామున, ఫస్ట్ ఎవెన్యూ సబ్వే స్టేషన్‌లో గోడ మీద రాస్తున్నాడని మైకేల్ స్టూవర్ట్ అనే పాతికేళ్ల నల్లజాతి కుర్రాణ్ణి పోలీసులు పట్టుకున్నారు. కస్టడీ నుంచి ఆసుపత్రికి స్పృహ లేకుండా చేరాడు. 28న చనిపోయాడు. కేసు నడిచింది, పోలీసులు నిర్దోషులుగా బయటికొచ్చారు. అది నేనే కావలసింది అన్నది బాస్కియా భయం.

ఆ రోజుల్లోనే అతను హారింగ్ స్టూడియోకి వెళ్లి, అక్కడి గోడ మీద ఒక బొమ్మ గీశాడు. మామూలు పార్టిషన్ గోడ. దాని మీద అప్పటికే వచ్చేపోయే మిత్రుల సంతకాలూ స్ప్రే మరకలూ ఉన్నాయి. వాటి మధ్యనే ఇద్దరు పోలీసులు, నీలం దుస్తులు, గులాబీరంగు ముఖాలు, ఎత్తిన లాఠీలు. నడుమ ఒక నల్లటి ఆకారం. దానికి కళ్లూ ముక్కూ లేవు, చేతులూ లేవు. మిగతా ఇద్దరికీ పళ్లతో సహా గీసినవాడు దీన్ని నీడలా వదిలేశాడు. పైన, గోడ పాడుచేయడమనే నేరం పేరును స్పానిష్ వరసలో రాసి, ముందొకటి వెనకొకటి ప్రశ్నార్థకం పెట్టాడు. అమ్మడానికి గీసింది కాదు, సంతకమూ లేదు. 1985లో హారింగ్ ఆ స్టూడియో ఖాళీ చేస్తూ గోడలో ఆ మేరకు కోసి పట్టుకెళ్లాడు. సుమారు రెండడుగుల ముక్క. దానికి పాత రాజభవనాల్లో అద్దాలకుండే లాంటి నగిషీల బంగారు ఫ్రేము కట్టించి మంచం తలవైపు తగిలించుకున్నాడు. 1990లో అతను పోయేదాకా అక్కడే ఉంది. 2019లో గుగ్గెన్‌హైమ్ మ్యూజియం దాని చుట్టూనే ఒక ప్రదర్శన పెట్టింది.

కాన్వాసు మీద బాస్కియా వేసిన ఒక తల బొమ్మ 2017 వేలంలో పదకొండు కోట్ల డాలర్లు దాటింది. దాని గురించి పత్రికలు రాసినంత ఈ గోడముక్క గురించి రాయలేదు. నా లెక్కలో ఇదే గొప్పది. గోడ మీద రాసినందుకు పోయిన ప్రాణం గురించి గోడ మీదే గీశాడు. కింద ఉన్న ఇతరుల రాతలను చెరపకుండా గీశాడు. మిత్రుడు గోడతో సహా దాచాడు.

4

ఈ పాఠం నేర్చుకున్నవాళ్లను ఇద్దరినే తలుచుకుని ముందుకు పోతాను. పోర్చుగల్‌లో విల్స్ అనే పేరుతో పనిచేసే అలెగ్జాండర్ ఫార్టో. లిస్బన్‌కు నది అవతలి ఊళ్లో పెరిగాడు. 1974 విప్లవం తర్వాత ఆ గోడల నిండా ఎర్రటి రాజకీయ చిత్రాలు. అతనికి ఊహ తెలిసేసరికి అవి వెలిసిపోయి, వాటిమీద సరుకుల ప్రకటనలు పడుతున్నాయి. అతను రంగు వేయడు. ఉలితో, డ్రిల్లుతో, అప్పుడప్పుడు చిన్న పేలుడు మందుతో గోడ పెచ్చులు తీసి, లోపలి ఇటుకా పాత రంగులూ బయటపెట్టి ముఖం చేస్తాడు. లాస్ ఏంజెలెస్‌లో మార్క్ బ్రాడ్‌ఫర్డ్ పేదపేటల కంచెలకు కట్టిన అప్పుల ప్రకటనలూ చౌక సేవల పోస్టర్లూ ఏరి తెచ్చి, పొరలు పొరలుగా అతికించి, మళ్లీ మిషనుతో అరగదీస్తాడు. దూరం నుంచి ఊరి మ్యాపులా ఉంటుంది. దగ్గరికెళితే సగం అరిగిన ఫోన్ నంబరు కనబడుతుంది. ఇద్దరిలో ఎవరి పనిలోనూ గ్రాఫిటీ స్టైలు కనబడదు. గ్రాఫిటీ బుద్ధి మాత్రం ఉంది.

5

ఇప్పటిదాకా చెరిపేవాడు పోలీసో, వానో, పక్కింటి కుర్రాడో. కొత్త శతాబ్దంలో ఇంకొకడు వచ్చాడు, రియల్ ఎస్టేట్ వ్యాపారి.

న్యూయార్క్ క్వీన్స్‌లో 5పాయింట్జ్ అని పాత ఫ్యాక్టరీ. యజమాని ఒప్పుకునే అక్కడ బొమ్మలు వేశారు. 2002 నుంచి మెరెస్ వన్ అనే రైటర్ దానికి పెద్దదిక్కు. ఎవరు ఎక్కడ వేయాలో, ఎన్నాళ్లుంచాలో అతనే చూసేవాడు. పైన ఎత్తున వెళ్లే 7వ నంబరు రైల్లోంచి మొత్తం కనబడేది. టూరిస్టు బస్సులొచ్చాయి. పేట మంచిదైంది. మంచిదైన పేటలో స్థలం ఖరీదైంది. ఖరీదైన స్థలంలో పాత ఫ్యాక్టరీ ఎందుకు? కొట్టేసి అపార్టుమెంటు టవర్లు కడతామన్నాడు యజమాని. చిత్రకారులు కోర్టుకెళ్లారు. కూల్చకుండా ఆపడం కుదరదన్నాడు జడ్జి. అయితే ఆ తీర్పు కాగితం ఇంకా రాయకముందే, 2013 నవంబరులో ఒక రాత్రి యజమాని మనుషుల్ని పెట్టి మొత్తం తెల్లరంగు కొట్టించాడు. తెల్లారి చూస్తే పలచటి తెలుపు కింద నుంచి రంగులు ఇంకా కనబడుతూనే ఉన్నాయి.

ఆ తొందరే అతని కొంప ముంచింది. 1990లో వచ్చిన అమెరికా చట్టం ఒకటి పేరున్న కళాకృతిని కావాలని నాశనం చేయకూడదంటుంది. తొంభై రోజుల నోటీసిచ్చి వాళ్ల బొమ్మలు వాళ్లను తీసుకెళ్లనిచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది. 2018లో జడ్జి ఫ్రెడరిక్ బ్లాక్ ఇరవై ఒక్క మంది చిత్రకారుల తరఫున, 45 బొమ్మలకు ఒక్కోదానికి లక్షన్నర చొప్పున 67 లక్షల 50 వేల డాలర్లు కట్టమన్నాడు. వాదుల్లో ఒకప్పుడు రైళ్లకు రంగులేసిన లేడీ పింక్ కూడా ఉంది. 2020లో పై కోర్టూ అదే ఖాయం చేసింది. రైలు మీద గీస్తే కుక్కల్ని వదిలిన ఊరే, నలభై ఏళ్లు తిరగకుండా, ఆ గీత చెరిపినందుకు జరిమానా వేసింది. అంతకుముందే ఆ స్థలంలో లేచే టవర్లకు 5పాయింట్జ్ అనే పేరును ట్రేడ్‌మార్కు చేసుకోవాలని కూడా కట్టేవాళ్లు చూశారు. బొమ్మలొద్దు, బొమ్మల పేరు కావాలి.

ఈ తీర్పులకు ముందే ఇటాలియన్ చిత్రకారుడు బ్లూ ఇంకో మార్గం పట్టాడు. బెర్లిన్ క్రాయిట్స్‌బెర్గ్‌లో అతని రెండు పెద్ద గోడచిత్రాలు ఆ ఊరికి ఆనవాళ్లయ్యాయి. ముందున్న ఖాళీ జాగాలో గుడిసెలు వేసుకున్నవాళ్లను పంపేసి కట్టడాలు లేపబోతున్నారు. కిటికీ తీస్తే బ్లూ బొమ్మ కనిపించే ఫ్లాటుకు రేటు ఎక్కువ. 2014 డిసెంబరులో అతని సమ్మతితోనే అతని మనుషులు రెండు గోడలకూ నల్లరంగు కొట్టేశారు. 2016లో బొలోన్యాలో, వీధి గోడల నుంచి ఒలిచిన బొమ్మలతో మ్యూజియం ప్రదర్శన పెడుతున్నారని తెలిసి, ఆ ఊళ్లో తన బొమ్మలన్నిటినీ బూడిదరంగుతో పూడ్చేశాడు. గీసే హక్కు నాది, చెరిపే హక్కూ నాదే అన్నమాట. కొందరు దీన్ని అహంకారమన్నారు. నాకు మాత్రం అతను అంతదాకా గీసిన వాటన్నిటికంటే ఆ బూడిదరంగే బలంగా కనిపిస్తుంది.

6

మన సంగతేమిటని మీరు అడగబోతున్నారు.

మనకు గోడరాత కొత్త కాదు. ఎన్నికలకు ఏడాది ముందే ‘ఈ గోడ ఫలానా పార్టీకి రిజర్వు’ అని రాసుకునే దేశం మనది. 1982 మార్చిలో తెలుగుదేశం పుట్టి, జనవరికల్లా అధికారంలోకి వచ్చేలోపు మన ఊళ్ల గోడలన్నీ పసుపెక్కాయి. అంతకుముందూ ఆ తర్వాతా తెల్లారేసరికి ఎర్రక్షరాలు మొలిచేవి. తెలంగాణ ఉద్యమం రోజుల్లో నినాదం లేని గోడ వెతికితే దొరికేది కాదు. 1997లో బహిరంగ స్థలాలను వికృతం చేయడాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. దాని తర్వాత వచ్చిన ఫ్లెక్సీ ఆ చట్టం కంటే ఎక్కువ పని చేసింది. సున్నం కొట్టి, దారంతో గీతలు పట్టి, కుంచె తిప్పకుండా ఒక్క ఊపులో ‘శ్రీ’ చుట్టే పెయింటర్లు మన కళ్లముందే మిషను ఆపరేటర్లయ్యారు. కొందరు ఏమీ కాలేకపోయారు.

2016లో హైదరాబాద్‌కు, వీధి గోడల మీద బొమ్మలు వేయించే స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వచ్చింది. రాజ్‌భవన్ పక్కన ఎమ్మెస్ మక్తా ఇరుకు సందుల్లో ఇళ్ల గోడల మీద బొమ్మలు వేయించింది. బాగున్నాయి. పిల్లలు వాటి ముందు క్రికెట్ ఆడుకుంటారు. ఆ తర్వాత ఫ్లైఓవర్ స్తంభాలకూ, ఆసుపత్రి ప్రహరీలకూ రంగులొచ్చాయి. నాకు వాటితో పేచీ లేదు, ఒక అనుమానం మాత్రం ఉంది. మనవాళ్లు మూత్రం పోయకుండా ప్రహరీకి దేవుళ్ల టైల్సు అతికిస్తారు. వెంకటేశ్వరస్వామి, పక్కన మక్కా, పక్కన ఏసుక్రీస్తు, సర్వమత సమ్మేళనం. సుందరీకరణ పేరుతో వేయించే నెమళ్లూ బతుకమ్మలూ కూడా చాలాచోట్ల చేస్తున్నది అదే ఉద్యోగం. పోస్టరు అంటించేవాణ్ణీ, నినాదం రాసేవాణ్ణీ గోడ దరిదాపులకు రానీయకపోవడం. రంగుల సున్నం.

అందుకని మన చిత్రకారులు వెతకవలసింది నెమలి పక్కన కాదంటాను. అమీర్‌పేటలో మెట్రో స్తంభం దగ్గర ఒక్కసారి ఆగండి. కింద, మనిషి చెయ్యి అందే ఎత్తు దాకా, బెత్తెడు మందాన కాగితం. సాఫ్ట్‌వేర్ కోచింగ్ మీద లేడీస్ హాస్టలు, దాని మీద వర్క్ ఫ్రమ్ హోమ్, దాని మీద జాతీయ పార్టీ నాయకుడి పుట్టినరోజు. మంత్రిగారి పర్యటన ఉందంటే మున్సిపాలిటీ మనిషి గీకుడు పలకతో వచ్చి గీకుతాడు. మైదా జిగురు వదలదు. ఒకచోట ఫోన్ నంబరులో నాలుగంకెలు మిగులుతాయి, ఒకచోట మీసం. 2017లో మెట్రో మొదలైనప్పటి నుంచి ఆ ఊరికి ఎవరెవరు ఏ ఆశతో వచ్చారో ఆ కాగితంలో ఉంది. మెట్రో రాకముందు ఆ వరసలో కొట్టేసిన దుకాణాల బోర్డులు రాసినవాళ్లెవరో మాత్రం దాంట్లో లేదు. వాళ్లలో కొందరు ఇంకా ఉన్నారు, అడిగితే చెబుతారు. వాళ్లను వెతికి పట్టుకోవడం, ఆ స్తంభాన్ని ఒలిచి చూడటం, ఈ రెండు పనులూ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ మూడో సంవత్సరం పిల్లలు చేయగలిగినవే. స్ప్రే డబ్బా కూడా అక్కర్లేదు.

ఒలిచేముందు మున్సిపాలిటీ వారి అనుమతి తీసుకోవాలా అని ఆ వెనక అమ్మాయి చెయ్యెత్తింది. మంచి ప్రశ్న. అధ్యక్షుల వారు గడియారం చూపిస్తున్నారు గనక, దాని మీద చర్చ టీ దగ్గర పెట్టుకుందాం.